రికార్డులో ఉన్న మొటిమలు

మా రోజుల్లో మొటిమలు లేవని కాదు. వచ్చేవి, కొన్నాళ్ళుండేవి, పోయేవి. వచ్చేటప్పుడు ఎవర్నీ అడిగేవి కావు, పోయేటప్పుడు ఎవరికీ చెప్పేవి కావు. "ఈడొచ్చిందిలే" అనేవాళ్ళు పెద్దవాళ్ళు, దాంతో వైద్యం అయిపోయేది. మొటిమల మీద పెద్దమనుషులు ఏసీ గదిలో సభ తీర్చి, జీడిపప్పు తింటూ తీర్మానం చేస్తారని మాకు తెలియదు. నాకు మా మనవరాలి యూనివర్సిటీ పుణ్యమా అని తెలిసింది. ఆ యూనివర్సిటీ పేరు మాత్రం చెప్పను. పిల్లల ముఖాలే మా రికార్డు అన్నవాళ్ళు, పేరెత్తితే నా నోరు కూడా వాళ్ళ రికార్డే అంటారు.

మనవరాలంటే నా కూతురి కూతురు, హిమజ. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడు, హాస్టల్లో ఉండేది. తండ్రి లేని పిల్ల. పరీక్షలవగానే గుడివాడలో ఒక జూనియర్ కాలేజీ వాళ్ళు పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. జూన్‌లో చేరాలి, పాసైతేనే చేరాలి. ఆ గుడివాడ మీద మా రేపల్లె ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరూ ఎన్ని మేడలు కట్టారో, నాకు అందులో ఏ గది ఇవ్వాలో కూడా అనేసుకున్నారు.

ఇక హాస్టలు సంగతి. అక్కడ వైద్యం ఆసుపత్రిలో జరగదు, బాత్రూం అద్దం ముందు జరుగుతుంది. ఒక పిల్ల టూత్‌పేస్టు చుక్కలు పెట్టుకుని తిరిగేది. ఒక పిల్ల బంగాళాదుంప చెక్కు అంటించుకునేది. హిమజ గదిలో ఉండే సలోమి వెల్లుల్లి నూరి రాసుకునేది, ఆ దెబ్బకి దోమలు కూడా వేరే గది చూసుకున్నాయి. ఎవరికి ఏది రాసుకోవాలో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. పై క్లాసు పిల్లలున్నారు, ఫోనులో వీడియోలున్నాయి, బస్సు స్టాపులో ముక్కూమొహం తెలియని పెద్దమ్మలున్నారు. మన దేశంలో ముఖాన ఒక్క మొటిమ వేసుకుని వీధి చివరిదాకా నడిస్తే చాలు, చేతినిండా సలహాలతో ఇంటికొస్తాం.

హిమజకి ఎవరో ఒక ట్యూబు చెప్పారు. మందుల షాపతను చీటీ అడగలేదు, "ఏం కాదమ్మా, మా మరదలు కూడా ఇదే" అని చేతిలో పెట్టాడు. మొదట్లో ముఖం వెన్నముద్దలా అయ్యింది. ఫోన్లో చూసి నేనే దిష్టి తీయమన్నాను. తర్వాత ఎర్రబడింది, మంటెత్తింది, ఎండలో చాప మీద వడియాలు పెట్టినట్టు బుగ్గలనిండా లేచాయి.

"అమ్మమ్మా, ఇప్పుడేం రాయను?" అని ఏడ్చింది.

"ముఖానికేం రాయకు. పరీక్ష రాయి చాలు," అన్నాను.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఆ యంత్రం.

అది ఎందుకొచ్చిందంటే, మగపిల్లల్లో ఒకడు క్లాసుకి రాని స్నేహితులందరికీ తనే రకరకాల గొంతులతో "ప్రెజెంట్ సార్" అనేవాడట. అది కనిపెట్టడానికి యూనివర్సిటీకి చాలా కాలం పట్టింది. కనిపెట్టాక, ఇక మనుషుల్ని నమ్మకూడదని, ప్రతి క్లాసు గుమ్మానికీ ముఖం చూసి హాజరు వేసే యంత్రం బిగించారు. దాని ముందు నిలబడితే లోపల్నుంచి ఒక ఆడమనిషి గొంతు "ఫలానా, హాజరు" అంటుంది. అది అంటేనే మనిషి వచ్చినట్టు. దానికోసం అందరికీ ఒకసారి ఫొటోలు తీశారు.

హిమజ ఆ ఫొటో తీసే గుమస్తాని బతిమాలింది. "సార్, ముఖం బాగయ్యాక తీయించుకుంటాను."

"బాగయ్యేదాకా ఆగడానికి ఇదేమన్నా పెళ్ళిచూపులా? పైకి చూడు," అన్నాడు.

ఆ ఫొటో వాళ్ళమ్మకి పంపింది. మా అమ్మాయి దాన్ని చూసి, నన్ను చూసి, "అమ్మా, ఇది అచ్చం నీలాగే ఉందే," అంది. అది ఓదార్పో దెప్పుడో నాకు ఇప్పటికీ తేలలేదు.

యంత్రం బిగించాక అసలు చిక్కు మొదలైంది. పిల్లల ముఖాలు ఇవాళ ఉన్నట్టు రేపుండవు గదా. ఒకరోజు పసుపు పూసి పచ్చగా వస్తారు, ఒకరోజు నిమ్మరసం రాసి పొట్టు లేచి వస్తారు, ఇంకోరోజు దేనికో వాచి వస్తారు. యంత్రానికి ఎవరూ ఆనడం లేదు. గుమ్మం ముందు నిలబడ్డ పిల్లకి నిలబడ్డట్టే "గుర్తు తెలియని వ్యక్తి" అని చెప్తోంది. రిజిస్ట్రారు విరూపాక్షరావు గారు సభ పెట్టారు. ఆయన యూనివర్సిటీ కాగితాలన్నిటికీ పెద్ద. మర్నాడు గోడకి ఆర్డరు అంటించారు. సలోమి ఫోన్లో చదివి వినిపించింది, దానికి చర్చిలో చదివి అలవాటు కాబట్టి ఆ గంభీరం సరిగ్గా వచ్చింది:

"ఇందుమూలముగా యావన్మంది విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, విద్యార్థి ముఖము నమోదైన క్షణము నుండి విశ్వవిద్యాలయ శాశ్వత రికార్డులో భాగము. స్వంత వైద్యము ద్వారా సదరు ముఖమును మార్చుట, దిద్దుట, చెరుపుట, లేదా మెరుగుపరచుట రికార్డుల తారుమారుగా పరిగణించబడును."

నేను సంతోషించాను. ఎందుకైతేనేం, ఆ దిక్కుమాలిన ట్యూబులు మానేస్తారు గదా అనుకున్నాను.

మానేశారు. మాన్పించారు. గదులన్నీ వెతికి టూత్‌పేస్టులు వార్డెనమ్మ గదిలో పెట్టి తాళం వేశారు. పొద్దున్నే పిల్లలు బ్రష్షులు పట్టుకుని వరసలో నిలబడితే, ఆవిడ బఠాణీ గింజంత పెట్టేది. ఆవిడ ఎదుటే తోముకోవాలి, నురగ బుగ్గకి తగలకూడదు. మెస్సులో పసుపు వాడకం ఆపేశారు. పప్పు పథ్యం మనిషిలా తెల్లబోయింది. బంగాళాదుంప వేపుడు వడ్డించిన రోజున గుమ్మం దగ్గర పిల్లల గుప్పిళ్ళు విప్పించి చూసి పంపేవాళ్ళు.

మరి ముఖానికి ఏమీ రాయకపోతే ఏమవుతుంది? బాగుపడుతుంది. సగం హాస్టలుకి ముఖాలు వాటంతటవే తేటపడ్డాయి. హిమజని వాళ్ళమ్మ గుంటూరులో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరమ్మ ట్యూబుని చూసి నోరారా తిట్టి, చెత్తబుట్టలో వేయించి, తను ఒక మందు రాసిచ్చి, ఓపిక పట్టమంది. ఓపిక పట్టింది. మెల్లగా ముఖం మామూలైంది. హిమజ చక్కగా జడ వేసుకుని, నవ్వుకుంటూ క్లాసుకి వెళ్ళింది.

"గుర్తు తెలియని వ్యక్తి," అంది యంత్రం.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. హాజరు పడకపోతే హాల్‌టికెట్ ఇవ్వరు. హాల్‌టికెట్ లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే గుడివాడ లేదు. మా అమ్మాయికి సెలవు దొరక్క, రిజిస్ట్రారు గారితో మాట్లాడమని నన్ను బస్సెక్కించింది.

విరూపాక్షరావు గారు మర్యాదస్థుడు. కుర్చీ చూపించి, "మీ సమస్య క్లుప్తంగా సెలవియ్యండి," అన్నారు.

"క్లుప్తంగా నాకు రాదు బాబూ," అని మొత్తం చెప్పాను. మధ్యలో ఆయనకి రెండుసార్లు టీ వచ్చింది.

అంతా విని, "ముఖం బాగుపడినందుకు విశ్వవిద్యాలయం తరఫున హర్షం వ్యక్తం చేస్తున్నాను," అన్నారు. "కానీ అనుమతి లేకుండా బాగుపడింది."

"ఇది సొంత వైద్యం కాదు సార్. డాక్టరు గారు రాసిచ్చారు," అంది హిమజ.

"అది వైద్యశాస్త్రానికి సంబంధించిన విషయం. నాది రికార్డు. రికార్డు ప్రకారం ఉండవలసిన మొటిమలు భౌతికంగా లేవు. అంటే లోటు. పెద్దమ్మా, స్టోరులో ఉండాల్సిన కుర్చీలు స్టోరులో లేకపోతే మీరేమంటారు?"

"ఎవరో ఎత్తుకుపోయారంటాను."

"సరిగ్గా చెప్పారు."

"మా పిల్ల మొటిమలు ఎవడెత్తుకుపోతాడు బాబూ? ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు."

ఆయన నవ్వలేదు. ఆఫీసులో నవ్వడానికి ఆయనకి అధికారం లేదనుకుంటాను.

"పోనీ కొత్త ఫొటో తీయండి," అన్నాను.

"కొత్త ఫొటో తీస్తే పాతది తప్పని ఒప్పుకున్నట్టు. పాతది పాలకమండలి తీర్మానం ప్రకారం తీసింది. మండలి తప్పు చేసిన దాఖలా లేదు."

"మరి దారి?"

"పూర్వస్థితి పునరుద్ధరణ," అన్నారు. కంప్యూటరు మా వైపు తిప్పి, పెన్ను పెట్టి చూపించారు. "ఎడమ బుగ్గ మీద ఈ గుంపు. నుదుటి మీద ఈ వరస. గడ్డం మీద ఈ పెద్దది. హాల్‌టికెట్లు ఇచ్చేలోగా ఇవన్నీ యథాస్థానాల్లో తిరిగి కనబడాలి. పెద్దది కాస్త చిన్నగా వచ్చినా సర్దుకుంటాం. మేం మానవత్వం లేనివాళ్ళం కాదు."

అలా మొదలైంది రెండో వైద్యం. బాగుపడ్డ పిల్లలందరికీ ఇప్పుడు మొటిమలు కావాలి. "అమ్మమ్మగారూ, మొటిమలు రావాలంటే ఏం తినాలండీ?" అని నాకు ఫోన్లు. ఎన్నేళ్ళుగానో తినొద్దని మొత్తుకున్నవే వల్లించి తినమని చెప్పాను: నువ్వుండలు, వేరుశెనగ అచ్చులు, మిరపకాయ బజ్జీలు, మామిడి రసాలు. పడుకునేముందు ముఖానికి కొబ్బరినూనె. పిల్లలు చెప్పినట్టే చేశారు. బట్టలు బిగువయ్యాయి గానీ ముఖాలు నున్నగానే ఉన్నాయి. ఒక్క పిల్లకి మాత్రం వచ్చాయి, కుడి బుగ్గ మీద. రికార్డులో ఎడమ బుగ్గ. పాపం దాని మీద రెండు నేరాలు మోపారు, ఉన్నవి పోగొట్టినందుకొకటి, అనుమతి లేకుండా కొత్తవి పెంచినందుకొకటి.

ఈ గొడవలో బాగుపడింది మందుల షాపతనే. అదే ట్యూబు మళ్ళీ అమ్మడం మొదలుపెట్టాడు. "పోవాలని రాస్తే వచ్చాయి కదమ్మా, రావాలని రాస్తే రావా?" అన్నాడట. వాడి మాటలో న్యాయం ఉంది, రిజిస్ట్రారు గారి మాటలో ఉన్నంత.

ఒకనాడు పొద్దున్నే సలోమి ఫోను. "అమ్మమ్మగారూ, మీరు ఉన్నపళంగా రండి. హిమజ మళ్ళీ ఆ ట్యూబు కొంది."

నేను కాళ్ళకి చెప్పులెలా వేసుకున్నానో, బస్సెలా ఎక్కానో తెలీదు. వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉంది. ట్యూబు మూత తీసుంది. వేలి మీద తెల్లగా మందు.

"రాశావా?"

"ఇంకా లేదు."

"తుడిచెయ్."

"పరీక్షలయ్యేదాకానే అమ్మమ్మా. తర్వాత గుంటూరు వెళ్ళి మళ్ళీ బాగుచేయించుకుంటా."

"ఆ డాక్టరమ్మ ఏమంది? ఇంకోసారి రాస్తే మచ్చలు జన్మంతా ఉంటాయనలేదూ? ఆ మంటకి ఫ్యాను కింద ముఖం పెట్టుకుని కూర్చున్నావు, మర్చిపోయావా?"

"మంట మర్చిపోలేదు. గుడివాడ కూడా మర్చిపోలేదు," అంది. గొంతు పెంచకుండా అంది.

ట్యూబు లాక్కుని బొడ్లో దోపుకున్నాను. దాని వేలు నా కొంగుతో తుడిచాను. "పద. ఆ యంత్రంతో నేను మాట్లాడతా."

"యంత్రంతో ఏం మాట్లాడతావే?"

"వినే మనిషి దొరకనప్పుడు యంత్రంతోనే మాట్లాడాలి. పద."

కెమిస్ట్రీ వాళ్ళ గుమ్మం దగ్గర గురవయ్య అని ఒక సెక్యూరిటీ అతను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందు హిమజ నిలబడింది. "గుర్తు తెలియని వ్యక్తి." నాకు ఒళ్ళు మండింది. పిల్లని పక్కకి జరిపి, కళ్ళజోడు తీసి, ఆ అద్దంలోకి ముఖం పెట్టి, "ఏమే అమ్మాయ్, నీకు కళ్ళున్నాయా?" అనబోయాను.

"హిమజ, హాజరు," అంది యంత్రం. "శుభదినం."

చెప్పలేదు కదూ, నా ముఖం మీద మచ్చలున్నాయి. చిన్నప్పుడు అమ్మవారు పోసింది. బతికాను గానీ, బుగ్గలూ నుదురూ గడ్డం అంతా గుంటలు పడ్డాయి. ముక్కూ కళ్ళూ చూస్తే హిమజ నా పోలికే, పుట్టిన్నాడే మంత్రసాని చెప్పింది. తేడా అల్లా ముఖం నునుపు. ఆ ఫొటో రోజున ఆ తేడా కూడా లేదు.

హిమజ గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళకి నవ్విందో. నవ్వుతూనే కూర్చుండిపోయింది. గురవయ్య మాత్రం లేచి నిలబడి, నాతో "మీరు లోపలికెళ్ళండి," అన్నాడు. హిమజతో "మీరు ఇక్కడ కూర్చోకూడదండీ, ఇది విద్యార్థుల చోటు," అన్నాడు.

కబురెళ్ళింది. విరూపాక్షరావు గారు మందీ మార్బలంతో వచ్చారు. నన్ను ఎదురుగా నిలబెట్టారు, పక్కకి తిప్పారు, కొంగు తలమీద వేయించారు, తీయించారు. ప్రతిసారీ "హిమజ, హాజరు." శుభదినం మాత్రం మొదటిసారే చెప్పింది.

"యంత్రం పొరబడదని మనమే కిందటి నెల పత్రికా ప్రకటన ఇచ్చాం సార్," అని గుర్తుచేశాడు గుమస్తా.

ఆయన నన్ను ఇంకోసారి పక్కకి తిప్పి చూసి, "అయితే విశ్వవిద్యాలయం దృష్టిలో హిమజ ఈవిడే," అన్నారు.

"నాకు డెబ్బై దాటాయి బాబూ."

"వయసు యంత్రం పరిధిలోకి రాదు."

వాదించబోయాను. ఇంతలో హిమజ నా మోచేయి గిల్లింది. అప్పుడు నాకూ వెలిగింది. పిల్ల పేరు మీద హాజరు తరుగు పడింది. ఆ పేరు మీద ఎవరో ఒకరు కూర్చోకపోతే హాల్‌టికెట్ రాదు. "సరే బాబూ, నేనే హిమజని," అని లోపలికెళ్ళి రెండో బెంచీలో కూర్చున్నాను. సలోమి జరిగి చోటిచ్చింది.

అలా చదివాను ఎమ్మెస్సీ. పాఠాలు నాకు ముక్క అర్థం కాలేదు గానీ, బోర్డు మీద ఆరు మూలల బొమ్మలు వేస్తుంటే ముగ్గులనుకుని శ్రద్ధగా దించుకున్నాను. వాళ్ళు చుక్కలు సరిగ్గా పెట్టరు, నేను పెట్టాను. హిమజ చెట్టు కింద కూర్చుని సలోమి పుస్తకాలు చూసి చదువుకునేది. అది ఇప్పుడు యూనివర్సిటీకి బయటి మనిషి. రోజూ గేటు దగ్గర "విద్యార్థినిని చూడటానికి వచ్చాను" అని చెప్పి లోపలికి రావాలి. ఒకరోజు నేను క్లాసులో వక్కపొడి నములుతున్నానని లెక్చరరు ఫిర్యాదు చేస్తే, వార్డెనమ్మ నా తాలూకు పెద్దవాళ్ళని పిలిపించింది. హిమజ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"మీ అమ్మాయి ప్రవర్తన బాగుండటం లేదు," అంది వార్డెనమ్మ.

"ఇంట్లో కూడా మాట వినదు మేడమ్," అంది హిమజ. "ఇకనుంచి నేను గట్టిగా చెప్తాను."

రిజిస్ట్రారు గారైతే నా ముఖం మీద పిచ్చి ఆపేక్ష పెంచుకున్నారు. ఎక్కడ కనబడ్డా ఆగి, "స్నోలు, పౌడర్లు వాడటం లేదు కదా? ఎండలో తిరక్కండి," అనేవారు. మా ఆయన కూడా నా ముఖాన్ని అంత జాగ్రత్తగా చూడలేదు.

హాల్‌టికెట్ వచ్చింది. దాని పేరు, నా ముఖం. ఇక పరీక్ష. పరీక్షల పెద్ద దమయంతి గారని ఒకావిడ. గంజి పెట్టిన కాటన్ చీర, గంజి పెట్టిన మాట. ఆవిడ దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పాను.

"అమ్మా, నాకు సంతకం తప్ప రాయడం రాదు."

మామూలు మనిషైతే అక్కడే మొత్తం వ్యవహారం తేల్చేసేది. ఆవిడ నిబంధనల పుస్తకం తీసింది. "రాయలేని అభ్యర్థికి లేఖకుల సౌకర్యం కలదు. మీ తరఫున రాయడానికి ఒకరిని పెట్టుకోవచ్చు. కానీ ఆ వ్యక్తి మా విద్యార్థి కాకూడదు. ఆ సబ్జెక్టు తెలిసి ఉండకూడదు."

"ఈ పిల్ల ఉందమ్మా, నా వెంటే తిరుగుతుంటుంది," అని హిమజని ముందుకు తోశాను.

యంత్రం ముందు నిలబెట్టారు. "గుర్తు తెలియని వ్యక్తి."

"విద్యార్థి కాదు," అని టిక్కు పెట్టింది దమయంతి గారు. కంప్యూటరు చూసింది. "ఈ ముఖానికి కెమిస్ట్రీ క్లాసుల్లో ఒక్క హాజరూ లేదు. సబ్జెక్టు తెలిసే అవకాశమే లేదు." ఇంకో టిక్కు. "ఇంత నిఖార్సయిన లేఖకురాలిని నా సర్వీసులో చూడలేదు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. అభ్యర్థి చెప్పాలి, లేఖకురాలు రాయాలి. అభ్యర్థి నోరు ఆగిందంటే కలం ఆగాలి. లేకపోతే పేపరు రద్దు."

హిమజ ముఖం పాలిపోయింది. "అమ్మమ్మా, మూడు గంటలు ఆపకుండా మాట్లాడాలి."

"అయితే ఏంటంట?" అన్నాను.

మొదటి పేపరుకి మా చిన్నాడబిడ్డ పెళ్ళి చెప్పాను. వంకాయ కూర చాలకపోవడం, మగపెళ్ళివారు అలగడం, బావమరిది బావి గట్టెక్కి బెదిరించడం. నేను చెప్తుంటే హిమజ ఆరు మూలల బొమ్మలు వేసుకుంటూ పోయింది. అది పుట్టిన దగ్గర్నుంచి నా మాటల కిందే చదువుకుంది, దానికి అదేం అడ్డం కాదు. చిన్నప్పుడు నా మాట ఆగితేనే ఉలిక్కిపడి నిద్ర లేచేది. కాపలాకి వేసిన చరిత్ర మాస్టారు పక్కనే నిలబడి విని, "అభ్యర్థి ధారాళంగా సమాధానాలు చెప్పుచున్నారు" అని రాసుకున్నారు. రెండో పేపరుకి ఉప్పెన. మూడోదానికి మా అత్తగారు. ఆవిడకి ఒక పేపరు చాలలేదు, నాలుగో దాంట్లోకి కూడా వచ్చింది.

ఆఖరి పేపరు రోజున దమయంతి గారే వచ్చి మా బల్ల పక్కన నిలబడింది. ఎవరో చెవిన వేసినట్టున్నారు. చేతులు కట్టుకుని, నా నోటి వంకే చూస్తోంది. పేపరు కష్టంగా వచ్చిందని హిమజ ముఖం చూస్తే తెలుస్తోంది. దాన్ని చూసి నాకు బెరుకు పుట్టింది. అత్తగారు అయిపోయింది, ఉప్పెన అయిపోయింది, ఆవిడ చూపుకి నాలుక పిడచగట్టుకుపోయింది. నా నోరు తడబడ్డప్పుడల్లా హిమజ కలం గాల్లో ఆగిపోతోంది. ఎవరికీ ఎప్పుడూ చెప్పనిది ఒక్కటే మిగిలింది. గత్యంతరం లేక అదే ఎత్తుకున్నాను.

అమ్మవారు పోసి తగ్గాక మళ్ళీ బడికెళ్ళాను, ఒకటో తరగతి. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. పంతులు మంచివాడే. "ముఖం మానాక రామ్మా" అన్నాడు. సరే అని ఇంటికొచ్చాను. ముఖం మానింది, గుంటలు మానలేదు. ఎంత మానితే మానినట్టో ఎవరూ చెప్పలేదు. రోజూ పలక పట్టుకుని వెళ్ళేదాన్ని, బడి కిటికీ కింద నిలబడేదాన్ని. లోపలివాళ్ళు పలకల మీద రాసుకునేవాళ్ళు. నేను రాయడానికి లేదు, అక్షరాలు కనబడవు. అందుకని విన్నది విన్నట్టు బుర్రలో పెట్టుకునేదాన్ని. పద్యాలు, ఎక్కాలు, పంతులు దగ్గే దగ్గుతో సహా.

దమయంతి గారు కట్టుకున్న చేతులు విప్పింది.

ఒకనాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోటు వేసుకుని, సైకిలు మీద. లోపల పిల్లల్ని ఏదో పద్యం అడిగాడు. ఒక్కడికీ రాలేదు. పంతులు చెమటలు తుడుచుకుంటున్నాడు. నేను ఉండబట్టలేక కిటికీ కింద నుంచే గట్టిగా మొత్తం అప్పజెప్పేశాను. తర్వాత బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టరు గుమ్మం దాటి, గోడ చుట్టూ తిరిగి, నేనున్న మూల మీదికి వచ్చి...

గంట కొట్టారు.

నేను నోరు మూసేశాను. హిమజ కలం ఠక్కున ఆగింది. నేను దాని కాగితం చూశాను. ఆఖరి ప్రశ్న సగంలో ఉంది. అది పెదవి కొరుక్కుని, "అది పూర్తయితే గాని పాసవను," అంది గాలిలో గాలిగా.

"తర్వాత?" అంది దమయంతి గారు.

"గంటయ్యాక అభ్యర్థి మాట్లాడకూడదంట కదమ్మా."

ఆవిడ గడియారం చూసింది, నన్ను చూసింది. ఎవరికోసమో గుమ్మం వైపు కూడా చూసింది. "లేఖకుల సౌకర్యం పొందిన అభ్యర్థికి అదనపు సమయం మంజూరు చేయు అధికారం నాకు కలదు," అని గట్టిగా అని, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆయన లోపలికి రమ్మన్నాడా లేదా?"

నిజం చెప్పాలంటే ఆ ఇన్‌స్పెక్టరు నన్ను చూసి, "పాపం" అని ఒక్క మాట అని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. అది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? హిమజకి ఇంకా సగం ప్రశ్న ఉంది. అందుకని ఆయన్ని సైకిలు ఎక్కనివ్వలేదు. బడి అరుగు మీద చాప వేయించి కూర్చోబెట్టాను. నా చేత ఇంకో పద్యం చెప్పించుకోమన్నాను, చెప్పించుకున్నాడు. ఎక్కాలు అడగమన్నాను, అడిగాడు. పంతులు ఇంటినుంచి కాఫీ తెప్పించాను, వేడిగా ఉందని ఆయన చేత ఊదించాను. హిమజ కలం కాగితం మీద గరగరా పరిగెత్తుతూనే ఉంది. గుడివాడలో ఇవాళ మా పిల్ల పాఠాలు చెప్తోందంటే, ఆయన ఆ కాఫీ నెమ్మదిగా తాగిన పుణ్యమే.